కారు కొనువారికి ఖజానా కానుక

మోటారుకారు కొనువానికి ప్రజల బొక్కసమునుండి సాయము చేయుట న్యాయమా యని అడిగినచో, అట్టి సాయము మన దేశములో ఎక్కడ జరుగుచున్నదని మమ్మే తిరిగి అడుగువారు పలువు రుందురు. ప్రభుత్వమువారు ఎవరి చేతిలోను నోట్లకట్ట పెట్టి కారు కొనుమని పంపుట లేదు గదా యని వారి సందేహము. నిజమే. చేతిలో పెట్టుట లేదు. తీసికొనవలసిన పన్నును తీసికొనక విడుచుచున్నారు. వచ్చిన రూపాయి పోయినను, రావలసిన రూపాయి రాకపోయినను బొక్కసములో తరుగు ఒక్కటియే. భేదమంతయు కంటికి కనబడుటలో నున్నది. ఇచ్చిన సొమ్ము బడ్జెటులో ఒక పద్దుగా నిలుచును. సభ్యులు లేచి దానినిగూర్చి ప్రశ్నింతురు. విడిచిన సొమ్మునుగూర్చి ప్రశ్నించువారు అరుదు. కావుననే ఈ విషయమును మా పాఠకుల ముందుంచుట అవసరమని తలంచితిమి.

మొదట ప్రభుత్వమువారికి చెందవలసిన మెప్పును చెల్లింతము. విద్యుచ్ఛక్తితో నడచు వాహనములకు సహాయధన మిచ్చుటకు కేంద్రప్రభుత్వము 2015 ఏప్రిలు 1వ తేదీన ‘ఫేం’ అను పథకము నారంభించినది. దాని రెండవ విడత 2019 ఏప్రిలులో 10,000 కోట్ల రూపాయలతో మొదలై, పిమ్మట 11,500 కోట్లకు పెరిగి, 2024 మార్చి 31తో ముగిసినది. ఆ రెండవ విడతలో కార్లకు సాయము చేసిన మాట వాస్తవమే; కాని అద్దెకును ప్రజోపయోగమునకును తిరుగు కార్లకే చేసిరి. సొంత వాడుకకు కారు కొనువానికి పైకము లేదు. 2024 అక్టోబరు 1వ తేదీన 10,900 కోట్లతో ఆరంభమైన ‘పి.యం. ఈ-డ్రైవ్’ పథకములోను ద్విచక్ర వాహనములు, ఆటోలు, లారీలు, ఆంబులెన్సులు, బస్సులు కలవు గాని సొంతకారు లేదు. కారు కొనగలవాడు ఇతరుల సొమ్ము లేకయే కొనగలడను లోకజ్ఞానము ఈ నిబంధనలలో కనబడుచున్నది. ఇంతవరకు మాకు ఫిర్యాదు లేదు.

అయితే వీధివాకిట వలదని త్రిప్పిపంపిన వానినే పెరటివాకిట పిలిచి విస్తరి వేసినట్లయినది. 2019 ఆగస్టు 1వ తేదీనుండి విద్యుత్ వాహనములపై జి.యస్.టి. నూటికి 12 వంతులనుండి 5 వంతులకు తగ్గినది. ఈ తగ్గింపునకు ధరతో నిమిత్తము లేదు. పది లక్షల కారైనను కోటి రూపాయల కారైనను పన్ను నూటికి అయిదే. అంతటితో పోలేదు. 2019 ఏప్రిలునుండి 2023 మార్చి వరకు మంజూరైన అప్పులతో విద్యుత్ వాహనము కొన్నవారికి, ఆ అప్పుపై వడ్డీలో ఏటేట లక్షన్నర రూపాయల వరకు ఆదాయపు పన్ను లెక్కలో మినహాయింపు నిచ్చిరి. ఆదాయపు పన్ను కట్టు స్థితి గలవానికే ఈ మినహాయింపు ఉపయోగపడునని వేరుగ చెప్ప నక్కరలేదు.

రాష్ట్రములలో తెలంగాణము సంగతి చూతము. 2020 నాటి విద్యుత్ వాహన విధానములో రోడ్డుపన్ను మినహాయింపునకు ఒక లెక్క ఉండెను: ద్విచక్ర వాహనములలో మొదటి రెండు లక్షలకు, సొంత కార్లలో మొదటి 5,000 కార్లకు మాత్రమే యని. 2024 నవంబరు 18 నుండి అమలునకు వచ్చిన 41వ నంబరు జీవో ఆ సంఖ్యా పరిమితిని తొలగించి, 2026 డిశంబరు 31 వరకు రోడ్డుపన్నును రిజిష్ట్రేషను రుసుమును పూర్తిగా మినహాయించినది. బస్సులకు, ఆటోలకు, సరకు బండ్లకు, ట్రాక్టర్లకు ఇచ్చిన మినహాయింపును మే మాక్షేపింపము. ఆ వరుసలోనే, ధరకు హద్దు లేకుండ, సొంతకారు వచ్చి కూర్చుండుటయే మా ఆక్షేపణ.

ఇప్పుడు ఇద్దరు కొనుగోలుదారులను ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు. ఒకడు తాపీపని చేయువాడు. పల్లెనుండి పట్టణమునకు పనికి వచ్చుటకు అప్పు చేసి పెట్రోలు మోటారుసైకిలు కొన్నాడు. 2025 సెప్టెంబరు 22న జి.యస్.టి. రేట్లు తగ్గిన తరువాతను ఆ బండిపై పన్ను నూటికి 18 వంతులు. పన్నుకు ముందు 60,000 రూపాయల ధరగల బండికి 10,800 రూపాయలు జి.యస్.టి. యగును. రాష్ట్రపు రోడ్డుపన్ను దానికి వేరు. దినదినము పోయించు పెట్రోలుపై కేంద్రపు ఎక్సైజు సుంకము, రాష్ట్రపు వ్యాట్ వేరు. రెండవవాడు సంపన్నుడు. పన్నుకు ముందు 60 లక్షల ధరగల విద్యుత్ కారు కొన్నాడు. అతని జి.యస్.టి. నూటికి అయిదు, తెలంగాణములో రోడ్డుపన్ను సున్న. తాపీవాని వస్తువుపై పన్ను పాలు, ధనికుని వస్తువుపై పన్ను పాలునకు మూడురెట్లకు పైగా నున్నది. దీనిని పన్నుల న్యాయమని ఏ ధర్మాసనము ముందు వాదింపగలము?

లెక్క ఇంకను కొంచెము ముందుకు సాగనిండు. ఆ 60 లక్షల కారు పెట్రోలుదై, పెద్దకార్ల తరగతికి చెందినదైనచో జి.యస్.టి. నూటికి 40 వంతుల చొప్పున 24 లక్షలు కావలెను. విద్యుత్ కారు కావున 3 లక్షలతో సరి. తేడా 21 లక్షలు. ఇరువది లక్షలు దాటిన కార్లపై తెలంగాణములో 2022లో నిర్ణయించిన జీవితకాలపు పన్ను నూటికి 18 వంతులు. ఆ లెక్కన విడిచినది 10 లక్షల 80 వేలు. రెండును కలిసి 31 లక్షల 80 వేల రూపాయలు. ‘ఈ-డ్రైవ్’ పథకములో 14,028 విద్యుత్ బస్సులకు 4,391 కోట్లు కేటాయించిరి. బస్సు ఒక్కింటికి సరాసరి 31 లక్షల పైచిలుకు. అనగా ఒక గృహస్థుని కారుకొరకు రెండు ప్రభుత్వములును కలిసి విడిచిన పన్ను, వందలాది జనులను దినదినము చేరవేయు ఒక బస్సునకు కేంద్రమిచ్చు సాయముతో సమానమైనది!

పెద్ద పెట్రోలు కారుపై 40 వంతులు విలాసవస్తువుపై వేయు పన్ను గావున దానితో పోల్చరాదని కొంద రనవచ్చును. మంచిది, తాపీవాని మోటారుసైకిలుపై వేసిన 18 వంతులనే ప్రమాణముగా గొందము. అప్పుడును తేడా 13 వంతులు, అనగా 7 లక్షల 80 వేలు. రోడ్డుపన్నుతో కలిపి 18 లక్షల 60 వేలు. ఏ కొలబద్దతో కొలిచినను కానుక చిన్నది కాదు.

ఈ కానుక నిచ్చుచున్న దెవరు? ‘పన్ను చెల్లించువాడు’ అనగానే ఆదాయపు పన్ను కట్టు ఉద్యోగియో, వర్తకుడో, మావంటి వకీలో మన కండ్లముందు మెదలును. ఇది పెద్ద పొరపాటు. చిన్న యిల్లు కట్టుకొనువాడు సిమెంటుపై నూటికి 18 వంతులు చెల్లించుచున్నాడు. పెట్రోలు పోయించుకొను ప్రతివాడును పన్ను చెల్లించువాడే. అతని పేరు ఏ పన్నుల కచేరీ చిట్టాలోను లేదు. అతనికి రశీదు లేదు. చెల్లించితినను గౌరవమును లేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములో కారు గల కుటుంబములు నూటికి ఎనిమిదికి మించలేదు. అందులోను క్రొత్తకారు, అందులోను విద్యుత్ కారు కొనువారు మరెంత కొద్దిమందియో ఊహింపవచ్చును. నూర్గురు చెల్లింపగా గుప్పెడుమంది అందుకొను ఈ వ్యవహారమునకు మన పెద్దలు ఎన్నడో పేరు పెట్టిరి: అత్త సొమ్ము అల్లుడు దానము చేయుట. ఇచట దానము పట్టువాడును అల్లుని వంటివాడే యగుట మరియొక విశేషము.

ప్రతిపక్షపు వాదము వినక తీర్పు చెప్పుట మా వృత్తిధర్మము కాదు. మినహాయింపును సమర్థించువారు మూడు కారణములు చెప్పుదురు. విద్యుత్ వాహనమువలన పట్టణపు గాలి బాగుపడును. మన దేశము ముడిచమురులో నూటికి 85 పాళ్లకు మించి విదేశములనుండి తెచ్చుకొనుచున్నది గావున ఆ ఖర్చు తగ్గును. కావున అది అందరికిని మేలే యనునది మొదటి కారణము. క్రొత్తపరిశ్రమ పసిబిడ్డ వంటిది, నడక నేర్చువరకు చేయూత కావలెననునది రెండవది. ధనికుడు మొదట కొనినచో ధరలు దిగివచ్చి తరువాత సామాన్యునికి అందుననునది మూడవది.

మొదటి కారణములో సత్యము గలదు. పొగ విడువని వాహనము మేలు చేయుననుటకు సందేహము లేదు. కాని మేలును కొలుచుటకు వాహనము తిరుగు దూరము, మోయు జనసంఖ్య ప్రమాణములు కావలెను గాని దాని ధర కాదు. ఆటో ఉదయమునుండి రాత్రివరకు తిరుగును. బస్సు తెల్లవారుజామున డిపో వదలిన యర్ధరాత్రి గాని చేరదు. సొంతకారు కచేరీ ముందు సగము దినము, ఇంటిముందు రాత్రియంతయు నిలిచియుండును. ఒకే రూపాయిని బస్సుపై పెట్టిన తప్పు పొగ ఎంత, నిలిచియున్న కారుపై పెట్టిన తప్పు పొగ ఎంత? చమురు ఆదాయేచేయు కోరికయైనచో సొమ్ము మొదట పోవలసిన చోటు బస్సు డిపో, ఆటోస్టాండు. కారు ఎంత పరిశుభ్రమైనదైనను రోడ్డును ఆక్రమించుటలో పెట్రోలు కారునకు తీసిపోదను సంగతి అమీరుపేట కూడలిలో సాయంకాలము నిలుచున్నవారి కెల్ల తెలియును.

రెండవ కారణమునకు సమాధానము: బిడ్డకు చేయూత నిచ్చుట ధర్మమే, కాని ఎన్నినాళ్లో, ఎంతవరకో ముందుగా చెప్పవలెను. చీనా దేశము విద్యుత్ వాహన పరిశ్రమను పెంచి పెద్దచేసి, కొనుగోలుకు కేంద్రప్రభుత్వ మిచ్చు సహాయధనమును 2022 సంవత్సరాంతముతో నిలిపినది. జర్మనీలో అట్లుగాక, బడ్జెటు నిధులపై 2023 నవంబరులో వెలువడిన రాజ్యాంగ న్యాయస్థానపు తీర్పు తరువాత, డిశంబరులో ఒక్క వారాంతములో సాయమును నిలిపివేసిరి. 2024లో అచట విద్యుత్ కార్ల అమ్మకములు నాలుగవవంతుకు పైగా పడిపోయెను. హద్దులేని రాయితీ పన్ను చెల్లించువానికే గాక, దానిని నమ్మిన పరిశ్రమకును చేటు తెచ్చునని దీనివలన తెలియవలసియున్నది. మన దేశములోను రాయితీకి ఆశపడి పరిశ్రమ దారితప్పిన సందర్భములు లేకపోలేదు. ధర పరిమితికి లోబడినట్లు చూపుటకై కొందరు తయారీదారులు ఛార్జరును వేరు వస్తువుగా అమ్మి, 2023లో ఆ సొమ్మును కొనుగోలుదారులకు తిరిగి చెల్లింపవలసివచ్చినది.

మూడవ కారణమును అనుభవముతో పరీక్షింపవచ్చును. అమెరికాలో విద్యుత్ కారు కొన్నవారికి 7,500 డాలర్ల వరకు పన్ను తగ్గింపు ఉండెను. అచటి ఆర్థికశాస్త్రజ్ఞులు పన్ను లెక్కలు పరిశీలించి 2015లో ప్రకటించిన దేమనగా, ఆ తగ్గింపులో నూటికి సుమారు 90 పాళ్లు ఆదాయములో అగ్రభాగముననున్న అయిదవవంతు కుటుంబములకే చేరినదని. 2022లో చేసిన శాసనము కొనువాని ఆదాయమునకును కారు ధరకును హద్దులు పెట్టినది. తుదకు 2025 సెప్టెంబరు 30తో ఆ తగ్గింపే ముగిసినది. ఆ దేశమే 2009లో, పాతకారు నిచ్చి క్రొత్తది కొన్నవానికి 3,500 లేక 4,500 డాలర్లిచ్చు పథకము పెట్టి, సుమారు 300 కోట్ల డాలర్లు రెండునెలలలోపే వెచ్చించినది. దాదాపు 6,77,000 కార్లు అమ్ముడయ్యెను. పిమ్మట విచారింపగా, ఆ కొనుగోళ్లలో పెక్కు, కొలది నెలలకు ఎటులైనను జరుగవలసినవే ముందుకు జరిగినవని తేలినది. తీసికొన్న పాతకార్ల ఇంజనులను పనికిరాకుండ చేయవలెనని నిబంధన యుండుటచే, పాతకారునే కొనగల పేదలకు బజారులో అవియు కొరతపడెను. సామాన్యునికి చేరవలసిన మేలు ఇట్లు త్రోవలోనే ఇంకిపోయినది.

హద్దు పెట్టినచో మార్పు ఆగిపోవునను భయమునకును ఆధారము లేదు. విద్యుత్ కార్లలో ప్రపంచమునకెల్ల ముందున్న నార్వే దేశము, వాటికి అదివర కిచ్చిన అమ్మకపు పన్ను మినహాయింపును 2023 జనవరి 1 నుండి 5 లక్షల క్రోనర్ల ధర వరకే పరిమితము చేసి, అంతకు మించిన మొత్తముపై పన్ను వేసినది. అయినను 2024లో అచట అమ్మిన క్రొత్తకార్లలో పదింట తొమ్మిది దాదాపుగ విద్యుత్ కార్లే. అంతదూర మేల? ఢిల్లీ ప్రభుత్వము 2020లో కార్లకు లక్షన్నర వరకు సాయము ప్రకటించినపుడు మొదటి 1,000 కార్లకే యని గిరిగీసి, ఆ సంఖ్య నిండగా 2021లో దానిని పొడిగింప నిరాకరించినది. మన పొరుగునున్న కర్ణాటకము 25 లక్షలు దాటిన విద్యుత్ కార్లపై 2024లో నూటికి 10 వంతులు జీవితకాలపు పన్ను వేసినది. చేయదలచినవారికి దారి కలదని చూపుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

ఇచట ఒక్క మాట మొగమాటము లేక చెప్పవలసియున్నది. 2023 డిశంబరు 9న తెలంగాణములోను, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశములోను స్త్రీలకు ఆర్.టి.సి. బస్సులలో ఉచిత ప్రయాణము కల్పించినప్పుడు, ఖజానా గుల్లయగునని, పన్ను చెల్లించువాని సొమ్ము వృథా యగునని పట్టణములలోని విద్యావంతులు పలువురు వాపోయిరి. ఆ పథకముల గుణదోషములను విచారించుట పౌరుల హక్కు; దాని నెవరును కాదనరాదు. కాని ఆ వాపోయినవారిలో ఒక్కరైనను, లక్షల రూపాయల కారు పన్ను మినహాయింపునుగూర్చి నోరు విప్పినట్లు మేము వినలేదు. పనికి పోవు స్త్రీకి విడిచిన ముప్పది రూపాయల టిక్కెట్టు ‘ఉచిత’ మట. కారువానికి విడిచిన పది లక్షలు ‘ప్రోత్సాహక’ మట! పేరు మార్చినంత మాత్రమున లెక్క మారునా? ఒక కొలతతో పేదవానిని, మరొక కొలతతో మనల మనము కొలుచుకొనుట విద్యావంతులకు తగునా?

మనల మనము అనుటలో మా ఉద్దేశము కలదు. ఈ పత్రిక చదువువారిలో అట్టి కారు కొన్నవా రుందురు. మా వృత్తిలోని మిత్రులలోను ఉన్నారు. చట్టము ఇచ్చినదానిని వారు తీసికొనిరి. వారిని దోషులని మేమనము. దోషము చట్టములో నున్నది. కాని తనకు లాభించు చట్టములోని దోషమును తానే యెత్తిచూపగల పౌరుడు గలచోటనే ప్రజాప్రభుత్వము నిలుచును. నష్టపోవువాడు మాత్రమే అరచుచున్నచో దానిని ఫిర్యాదందురు; లాభము పొందువాడు కూడ అన్యాయ మన్నచో దానిని ప్రజాభిప్రాయ మందురు.

మా కోరికలు స్వల్పములు. విద్యుత్ కార్లకు ధరహద్దు పెట్టి, ఆ హద్దు దాటినవాటికి జి.యస్.టి.లోను రోడ్డుపన్నులోను రాయితీ తొలగింపవలెను. 2025 సెప్టెంబరులో జి.యస్.టి. మండలి రేట్లను మార్చినప్పుడు ఈ అవకాశము చేతికివచ్చి జారిపోయినది. మండలిలో మన రాష్ట్రముల మంత్రులకు స్థానము గలదు గావున వారు దానిని మరల లేవనెత్తవలెను. తెలంగాణపు మినహాయింపునకు పొడిగింపు ప్రశ్న వచ్చినప్పుడు, సొంతకార్లను ఆటోలతోను బస్సులతోను ఒకే గాట కట్టక వేరుచేసి విచారింపవలెను. ఏయే తరగతి వాహనములకు, ఏయే ధరలవారికి ఏటేట ఎంత పన్ను విడిచిరో ఆ లెక్కను బడ్జెటుతోపాటు శాసనసభ ముందుంచవలెను. హద్దు పెట్టుటవలన చేకూరిన సొమ్మును బస్సులకును, ఆటోడ్రైవర్ల బ్యాటరీ బండ్లకును మళ్లింపవలెను. ‘ఈ-డ్రైవ్’ క్రింద హైదరాబాదునకు 2,000 బస్సులు కేటాయించితిమని కేంద్రము 2025 మే నెలలో ప్రకటించినది. అవి నడచుటకు డిపోలు, ఛార్జింగు ఏర్పాట్లు కావలెను. సొమ్ము పెట్టుటకు చోటులేదని ఎవరును అనజాలరు.

బొక్కసము ప్రభుత్వమువారి సొత్తు కాదు. వారు దానికి ధర్మకర్తలు. ధర్మకర్త తన చేతిలోని సొమ్మును ఎవరికిచ్చెనో చెప్పినంతనే చాలదు. ఎవరియొద్ద వసూలు చేయక విడిచెనో కూడ చెప్పవలెను. రాబోవు బడ్జెటు సమావేశములకు ముందు మా పాఠకులు తమ నియోజకవర్గపు శాసనసభ్యుని కలిసికొని ఒక్క ప్రశ్న అడుగవలెనని మా మనవి: క్రిందటి సంవత్సరము సొంతకార్లపై విడిచిన పన్ను ఎంత? పఠనమందిరములలో గుమిగూడు యువకులు ఆ ప్రశ్నను వ్రాతమూలముగ, సమాచార హక్కు చట్టము క్రింద రవాణాశాఖను అడుగవచ్చును. జవాబు వచ్చినపిమ్మట, ఆ సొమ్ముతో ఎన్ని బస్సులు వచ్చియుండెడివో లెక్కకట్టి అదే మందిరపు గోడపై అంటింపుడు. న్యాయమో అన్యాయమో చదివినవారే తేల్చుకొందురు.